తొట్టికి బిగించిన డ్రిప్

తమ్ముడూ,

మనిషిని కాపాడాలంటే అతని చేతిలో పని లాక్కోవాల్సిందేనా? ఏళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఇది.

మీ బావ గుండె జబ్బుకు భయపడి, ఆయన బకెట్లు మోయడం నేను మాన్పించాను. చేపల తొట్టికి నువ్వు చుక్కచుక్కగా నీళ్లు పడే డ్రిప్ గొట్టం బిగించావు. "మీ తమ్ముడు చేపలకి సెలైన్ ఎక్కిస్తున్నాడే!" అని ఆయన నవ్వారు. ఆయనైతే నీళ్లు డ్రమ్ములో నిలవబెట్టి, చేపలకి పడని క్లోరిన్ ఎగిరిపోయాకే తొట్టిలో పోసేవారు. మన గొట్టం నేరుగా కుళాయి నుంచే వస్తుంది.

ఇవాళ కుళాయి నీళ్లు ఘాటైన క్లోరిన్ వాసన కొట్టాయి. డ్రిప్ కట్టేశాను గానీ, చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఏం చెయ్యాలో ఆయనకే తెలుసు. చెబితే బకెట్ తనే ఎత్తుతారు, నా మాట వినరు.

"చేపలకి మేత వేశావా?" అని లోపల్నుంచి అడిగారు. "ఆఁ" అన్నాను. మంచం కిర్రుమంటోంది, లేస్తున్నట్టున్నారు. చెప్పాలో, దాచాలో నాకింకా తేలడం లేదు.

అక్క