‘పో’ అన్న పుట్టుమూగ

ఆళ్లగడ్డ,
4-5-1979.

నంద్యాల డివిజన్ అధికారి వారి సముఖమునకు ఆళ్లగడ్డ కాపురస్తుడు, రిటైర్డు టీచరు నతానియేలు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా మనవరాలు ప్రేమకుమారి (రెండున్నర ఏండ్లు) పేరు ఎదుట తమ తనిఖీ ఉద్యోగి వ్రాసిన ‘పుట్టుమూగ’ అను మాట కొట్టివేయించుట గురించి.

1. ఆ మాట చూపించి బాలవాడి టీచరు పాపను ఇంటికి పంపివేసినది. పాపకు మాట ఆలస్యమే, కాదనను. మూగ మాత్రం కాదు.

2. నా భార్య జయమ్మ పాపకు స్నానం చేయిస్తూ ఒక చెంబు పోసి, రెండో చెంబు ఎత్తి ఆపుతుంది. పాప ఏదో ఒక సడి చేసేదాకా వంచదు. మొదట్లో నేనే విసుక్కున్నాను. "నువ్వు ఊరకుండు. దాని మాట అది ఎతుక్కుంటాండాది" అన్నది. పంతొమ్మిదో రోజు పాప "పో" అంది, అంటే పొయ్యమని. అడిగిన వెంటనే పోయాలి, అది మా ఇంటి చట్టం. ఆ రోజు నేను దొడ్లో నిలబడి ఏడ్చాను. ఇది అర్జీకి అవసరం లేదు, అయినా వ్రాస్తున్నాను. ఇప్పుడు ముద్ద కలిపి ఆగితే ‘బూ’ అని కూడా అంటుంది.

3. తమ ఉద్యోగి మా ఇంటికి వచ్చి, ఆళ్లగడ్డ పిల్లకు ఓడ బొమ్మ చూపి "ఇది ఏమిటి?" అని అడిగి గడియారం చూసుకున్నారు. ఓడను నేనూ చూడలేదు. పది లెక్కపెట్టేంత సేపు కూడా పాప కోసం ఆగలేదు. నన్ను మాత్రం తన ఆఫీసు వరండాలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆపగలరు.

4. తరువాత దాహమన్నారు. జయమ్మ ఇచ్చిన చెంబు ఎత్తి తాగబోయారు. ఎత్తిన చెంబు చూసి పాప సంబరంగా "పో" అంది. వారి మొహం మాడిపోయింది. "తిట్టలేదు సారూ, నీళ్లు పొయ్యమంటాండాది" అని జయమ్మ చెప్పినా చెవిన పెట్టలేదు.

5. నివేదికలో మొదటి వరుస: ‘పుట్టుమూగ’. రెండవ వరుస: ‘అధికారిని పొమ్మని అవమానించినది’. మూగ అయితే పొమ్మన్నది ఎవరు? నా ఒకటో తరగతి పిల్లలు ఇట్లా వ్రాస్తే పలక తుడిపించి మళ్లీ వ్రాయించేవాడిని.

కావున బాలవాడి తెరిచేలోగా మొదటి వరుస కొట్టివేయించ ప్రార్థన. రెండవ వరుస ఉంచుకోవచ్చును. మా పాప మాట్లాడిందని సర్కారు సంతకంతో ఉన్న కాగితం అదొక్కటే.

తమకు తీరిక దొరికినప్పుడు కాక, ఇప్పుడే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
నతానియేలు

తా.క.: విచారణకు మళ్లీ ఆయన్నే పంపండి. చెంబెత్తితే పాప "పో" అంటుంది. అడిగినాక పోయకుండా ఉండడం మా ఇంట్లో లేదు. ఇంకో జత బట్టలు తెచ్చుకోమనండి.