పాలవ్యాను కిలోమీటర్లు

అక్టోబర్ 7, సోమవారం. సాయంత్రం 6

మొదటి సరస్సు చేరాం. మా ఆవిడ డ్రైవింగ్, నేను పుస్తకం. ఎడమ, కుడి, ఇనుప బ్రిడ్జి దాటాక మళ్లీ ఎడమ అని పైకి చదవడం నా డ్యూటీ. పుస్తకం నేను రాసిందే.

పోయిన నెల రిటైరైనప్పుడు ట్రావెల్ ఆఫీసువాళ్లు గడియారం ఇవ్వకుండా దీన్నే లామినేట్ చేయించి చేతిలో పెట్టారు. ‘నాలుగు సరస్సుల దారి: మీ కారులో, మీ అంతట మీరే.’ ఇరవై ఎనిమిదేళ్లుగా టూరిస్టులు దీన్ని ఒళ్లో పెట్టుకుని ఈ లోయలన్నీ తిరుగుతున్నారు. గైడ్ అక్కర్లేదు. బయల్దేరేచోట మీటర్ సున్నా చేసుకుంటే చాలు. 4.6 దగ్గర బ్రిడ్జి, 9.1 దగ్గర నీలం రేకుల షెడ్డు, అలా దారంతా అంకెల్లో ఉంటుంది. ఏ మలుపు గురించి అడిగినా ఠక్కున చెప్పేస్తానని ఆఫీసులో నన్ను మైలురాయి అనేవారు. మైలురాయి ఉన్నచోటి నుంచి కదలదన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

మా ఆవిడ ఆస్పత్రి ల్యాబ్‌లో ముప్ఫై ఏళ్లు పనిచేసింది. యాభై ఐదో ఏట డ్రైవింగ్ నేర్చుకుంది. ఎక్కడికైనా వెళ్దామా అని నోరు జారాను. ఎక్కడికో ఎందుకండీ, మీరు రాసిన దారికే వెళ్దాం, ప్రపంచమంతా చూసింది, నేనొక్కదాన్నే చూడలేదు అంది.

పాత లాడ్జి ముందు కారు స్లో చేసింది. వద్దు, అక్కడ నల్లులు అన్నాను. అప్పటి నల్లులు ఇంకా బతికే ఉన్నాయా అని నవ్వింది. పక్క సందులో కొత్త హోటల్లో దిగాం.

అక్టోబర్ 8, మంగళవారం

ఎవరికీ చెప్పని సంగతి. కనీసం కాగితానికైనా చెప్పుకోవాలి.

ఈ పుస్తకంలో ఉన్న దారి నేను చూడలేదు. మొదటి సరస్సు దాటాక రెండో మలుపు వరకే నా అనుభవం. ఆ తర్వాతదంతా విన్నదే.

అప్పుడు లైసెన్స్ వచ్చి రెండు నెలలు. రెండేళ్లు ఖాళీగా కూర్చున్నాక దొరికిన ఉద్యోగం. ఇంట్లో మా ఆవిడ కడుపుతో ఉంది. ఆఫీసు జీపు ఇచ్చి, నాలుగు సరస్సులూ చుట్టి మీటర్ చూసి దారి రాసుకురా అన్నారు. ఊరి నుంచి మొదటి సరస్సుదాకా వెడల్పు రోడ్డు, బాగానే వచ్చాను. ఆ పైన రెండో మలుపులో లారీ ఎదురొచ్చింది. ఒకవైపు లోయ, ఒకవైపు లారీ, మధ్యలో నేను. కాళ్లు బిగుసుకుపోయాయి. ఆ లారీ క్లీనరే నా జీపుని రివర్స్ చేసి లాడ్జిదాకా తెచ్చిపెట్టాడు.

పది రోజులు లాడ్జి వరండాలో కూర్చున్నాను. పైనుంచి దిగొచ్చిన ప్రతివాణ్ణీ అడిగాను. అంకెలు మాత్రం పాలవ్యాను డ్రైవర్ ఇచ్చాడు. రోజూ పొద్దున్నే టీకి ఆగేవాడు. మీటర్ పనిచేసే బండి ఆ కొండల్లో అతనిదొక్కటే. లోయకో రోజు చొప్పున చెప్పాడు, చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. మరి ఆఫీసువాళ్లు జీపు మీటర్ చూస్తారు కదా? అందుకని రోజూ సాయంత్రం సరస్సు చుట్టూ ఉన్న చదును రోడ్డు మీద గానుగెద్దులా తిరిగాను. రౌండుకి పదకొండు కిలోమీటర్లు. మొత్తం నాలుగు వందలు దాటించాను. ఆ తర్వాత మళ్లీ స్టీరింగ్ ముట్టుకోలేదు. కొండల్లో చాలినంత నడిపాను అని గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

ఇవాళ రెండో మలుపులో కళ్లు మూసుకున్నాను. మీరు చూసినవే కదా, కాసేపు పడుకోండి అంది మా ఆవిడ.

అక్టోబర్ 9, బుధవారం

పుస్తకంలో 22.8 దగ్గర ఉండాల్సిన చెక్‌పోస్ట్ 19.6కే వచ్చేసింది. మా ఆవిడ టైర్లలో గాలి చెక్ చేయించింది. గాలి సరిగ్గానే ఉంది.

అక్టోబర్ 10, గురువారం

రెండో సరస్సు. పొగమంచు విడిపోయేసరికి నీళ్లు అంచుదాకా పచ్చగా ఉన్నాయి. నేను రాసిన వర్ణన చదివి వినిపించమంది. ‘ఆకుపచ్చని నీళ్లలో కొండ తలకిందులుగా నిలబడి ఉంటుంది.’ ఎంత బాగా రాశారండీ, అచ్చం అలాగే ఉంది అంది. పేజీ తిప్పేశాను.

లెక్క మాత్రం తేలడం లేదు ఆమెకి. చిన్న నోట్‌బుక్ తీసి రెండు గడులు గీసింది. పుస్తకం అంకె ఒకదాంట్లో, కారు అంకె ఒకదాంట్లో. మీ మీటర్‌లో ఏదో తేడా ఉన్నట్టుంది అంది. జీపు పాతది అన్నాను. ఇలాంటి కంప్లైంట్లు ఆఫీసుకి ఏటా వచ్చేవి. ‘టైర్ల అరుగుదలను బట్టి స్వల్ప తేడా ఉండవచ్చు’ అని జవాబు రాసేదీ నేనే. మీటర్ జీపుదైతే తేడా అంతటా ఒకేలా ఉండాలి కదండీ, కొన్నిచోట్ల సరిగ్గా ఉంది, కొన్నిచోట్ల మూడు కిలోమీటర్లు ఎక్కువుంది అంది. గుమ్మడికాయ దొంగలా భుజాలు తడుముకున్నాను.

మధ్యాహ్నం మూడు రాళ్ల మలుపు. ఇది పూర్తిగా నా కల్పన. ఆ లోయలో చెప్పడానికి ఏమీ దొరక్క, ‘ఇక్కడ కారు ఆపండి. పది నిమిషాలు ఎవరితోనూ మాట్లాడకండి’ అని రాశాను. ఇప్పుడక్కడ పిట్టగోడ ఉంది, టీ కొట్టు ఉంది, ‘పది నిమిషాల మలుపు’ అని బోర్డు కూడా ఉంది. టీ కొట్టావిడ నవ్వుతూ చెప్పింది. కార్లలో వచ్చినవాళ్లంతా దిగి మూగవాళ్లలా నిలబడతారట, సరిగ్గా పది నిమిషాలకి మాటలొచ్చి టీ అడుగుతారట. ఎందుకో తనకి ఇప్పటికీ తెలీదట, ఆ పుణ్యాన ఇద్దరు పిల్లల్ని చదివించిందట. అబద్ధం కూడా కాయలు కాస్తుందన్నమాట అనుకుని కొంచెం పొంగాను.

మేమూ నిలబడ్డాం. పది నిమిషాలయ్యాక మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. బాబు గుర్తొచ్చాడు అంది. పొంగిందంతా అక్కడే చల్లారింది.

అక్టోబర్ 11, శుక్రవారం

కనుమ దాటాం. తొంభై మలుపులు. మా ఆవిడ ఒక్కచోట కూడా తడబడలేదు. నాలుగో సరస్సు దగ్గర చెప్పులు విప్పి నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాం. నీళ్లు ఐసు. అమ్మాయికి ఫోటో పంపితే, నాన్నా మీరు నవ్వుతున్నారేంటి అని మెసేజ్ పెట్టింది. నిజమే, నవ్వుతున్నాను. పెళ్లయి ఇరవై తొమ్మిదేళ్లయింది, ఇంత హాయిగా ఎప్పుడూ లేం. అందుకే భయం.

బాబు సంగతి రాయాలి.

లాడ్జిలో తొమ్మిదో రోజు, పొద్దున పదకొండింటికి ఫోన్ వచ్చింది. బావమరిది. ఆస్పత్రిలో చేర్చాం, వెంటనే రమ్మనండి అని లాడ్జి ఓనర్‌తో చెప్పాడు. ఓనర్ పక్కనే నేను. ఏడో నెలే కదా, ఉత్త నొప్పులే అయ్యుంటాయి, వాళ్లింట్లో తుమ్మినా అంబులెన్స్ పిలుస్తారు అనుకున్నాను. చివరి లోయ అంకెలు మర్నాడు పొద్దున చెప్తానన్నాడు పాలవ్యాను డ్రైవర్. ఆ ఒక్కటీ అయితే పుస్తకం పూర్తి, ఉద్యోగం పర్మనెంట్. కనుమ అవతల ఉన్నాడని చెప్పండి అని ఓనర్‌కి సైగ చేశాను. మధ్యాహ్నం రెండింటి బస్సు నా కళ్లముందే వెళ్లిపోయింది.

నెలలు నిండకుండా పుట్టిన బాబు ఆ రాత్రి తొమ్మిదింటిదాకే ఉన్నాడట. కొండ దిగే ధైర్యం లేక జీపు లాడ్జిలోనే వదిలి, నేను మర్నాటి బస్సుకి వెళ్లాను. దారి మూసేశారు, కబురు ఆలస్యంగా అందింది అని చెప్పాను. అందరూ నమ్మారు. అందరికంటే ముందు మా ఆవిడ నమ్మింది. ఆ ఆస్పత్రి ల్యాబ్‌లోనే మళ్లీ ఉద్యోగానికి వెళ్లి, ఆ వార్డు ముందు నుంచే ఇన్నేళ్లూ నడిచింది.

దారి చూడలేదని తెలిస్తే నవ్వుకుంటుంది. కానీ చూడలేదని తెలిశాక, మరి ఆ రోజు ఎక్కడున్నారు అని అడగకుండా ఉంటుందా?

అక్టోబర్ 12, శనివారం

తిరుగుదారి. బుధవారం మీటర్ సున్నా చేసుకున్న మలుపులో, పాలక్యాన్లు వరసగా పెట్టిన అరుగు దగ్గర కారు ఆపింది. వ్యాను వచ్చింది. క్యాన్లు ఎక్కించుకుని మెయిన్‌రోడ్డు వదిలి ఎడమకి ఊళ్లోకి దిగింది, కాసేపటికి మళ్లీ పైకొచ్చింది. మా ఆవిడ డ్రైవర్ని ఆపి, ఇక్కణ్ణుంచి చెక్‌పోస్ట్‌కి మీ మీటర్లో ఎంత వస్తుంది బాబూ అని అడిగింది. ఇరవై రెండు పాయింట్ ఎనిమిది మేడమ్, మధ్యలో రెండు ఊళ్లలోకి పోయొస్తాం కదా అన్నాడు.

నోట్‌బుక్ తెరిచింది. రాసుకుంది. మూసింది. నావైపు చూడలేదు.

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు. నేను ఇరవై ఎనిమిదేళ్లు తాగాను.

సాయంత్రందాకా పుస్తకం చదవమని అడగలేదు. బోర్డులు చూసుకుని తనే నడిపింది.

అక్టోబర్ 13, ఆదివారం

కొత్త హోటల్ దాటించి తిన్నగా పాత లాడ్జి గేటులోకి తిప్పింది. నల్లులు లేవు. అప్పుడూ లేవు.

ఓనర్ లేడు, కొడుకు నడుపుతున్నాడు. వరండాలో అదే పొడుగాటి బల్ల. దాని దగ్గర కూర్చుని అడిగింది. కోపంగా కాదు, ల్యాబ్‌లో పేషెంటుని పేరు, వయసు అడిగినట్టు అడిగింది. ఫోన్ వచ్చినప్పుడు మీరెక్కడున్నారు?

కనుమ అవతల అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్ల అలవాటు. కానీ ఆమె నోట్‌బుక్ బల్లమీదే ఉంది. ఇక్కడే ఉన్నాను అన్నాను. అంతా చెప్పాను. లారీ, జీపు రౌండ్లు, సైగ, బస్సు. చెప్తూ ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

బస్సు ఎన్నింటికి అంది. రెండింటికి అన్నాను. ఎంతసేపు ప్రయాణం అంది. నాలుగు గంటలు.

అయితే ఆరింటికి వచ్చేవారు అంది. నోట్‌బుక్ పక్కకి జరిపి మళ్లీ తనే చెప్పింది. బాబు ఆరింటికి ఒకసారి కళ్లు తెరిచాడట. నర్సు ఎత్తి తనకి చూపించిందట. ఇన్నాళ్లూ నాకు ఈ సంగతి తెలీదు. దారి మూసేస్తే మీరు మాత్రం ఏం చేస్తారు, అది కూడా చూడలేకపోయానని కుమిలిపోతారని చెప్పలేదు, ఇన్నేళ్లూ నాలోనే దాచుకున్నాను అంది.

నేను నన్ను కాపాడుకోవడానికి దాచాను. తను నన్ను కాపాడటానికి దాచింది. ఇంతకంటే రాయలేను.

రెండు గదులు తీసుకుంది.

అక్టోబర్ 14, సోమవారం. ఉదయం 7

సరస్సు మెట్ల మీద కూర్చుని ఉంది. శాలువా తీసుకెళ్లి పక్కన పెట్టి వచ్చేశాను. కప్పుకోలేదు. తోసెయ్యనూ లేదు.

అదే రోజు, సాయంత్రం 5

తొమ్మిదింటికి కారు తాళం తెచ్చి నా టీ కప్పు పక్కన పెట్టింది. లైసెన్స్ ఉందిగా అంది. ఉంది. పరువు కోసం రెన్యూవల్ మాత్రం ఎప్పుడూ మానలేదు.

సరస్సు చుట్టూ తిప్పమంది. అదే చదును రోడ్డు. మొదటి రౌండులో నాలుగుసార్లు ఇంజన్ ఆగిపోయింది. నడిచి వెళ్తున్న ముసలాయన మమ్మల్ని రెండుసార్లు దాటిపోయాడు. ఇంకో రోజైతే మా ఆవిడ పడీపడీ నవ్వేది. గేరు, బ్రేకు, అద్దం చూడండి, అంతే ఇవాళ్టి మాటలు. ఆరు రౌండ్లు. అరవై ఆరు కిలోమీటర్లు.

ఎందుకు అని అడిగే ధైర్యం లేదు. దిగేటప్పుడు తనే చెప్పింది. రేపు రెండింటికి బయల్దేరుదాం, మీరే నడపాలి అంది. నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీసి పైన సున్నా వేసింది.

అక్టోబర్ 15, మంగళవారం

0.0 లాడ్జి గేటు. మధ్యాహ్నం 2.00. నేను డ్రైవింగ్, తను నోట్‌బుక్.

7.3 మొదటి మలుపు.

31.4 లారీ ఎదురొచ్చింది. ఆపేశాను. మెల్లగా పోనివ్వండి, ఇప్పుడు తొందరేం లేదు అంది.

58.0 టీ. బిస్కెట్ ప్యాకెట్ విప్పి, సగం నావైపు జరిపింది.

96.5 కొండలు అయిపోయాయి.

117.2 ఆస్పత్రి గేటు. సాయంత్రం 5.50. దారి ఎక్కడా మూసి లేదు.

ఇంజన్ ఆపాను. పది నిమిషాలు ఇద్దరం మాట్లాడలేదు.

ఆరైంది.