డ్రైవరు వెనక సీటు

నంద్యాల,
12-11-2025, బుధవారం.

చిరంజీవి కిరణ్‌ను మేనత్త ఓబులమ్మ చల్లగా ఉండమని దీవించి రాయునది.

ఉత్తరం మొదట్లో ఇక్కడ మేమంతా క్షేమం అని రాయాలంటారు. రాద్దామని కూర్చున్నాను, చెయ్యి రాలేదు. నాకు బీపీ మాత్ర ఒకటికి రెండైంది. ఆళ్లగడ్డలో మీ నాయన అన్నం ముందర కూర్చుని, కలిపి, కలిపింది అట్లే వదిలేసి లేస్తున్నాడంట. నా కూతురు రాజేశ్వరి, అల్లుడు, పిల్లలు బాగున్నారు. చేలో శనగ విత్తడం అయింది. క్షేమం అంతవరకే.

ఫోన్ ఉండగా ఉత్తరమేందీ అంటావు. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనియ్యవు నాయనా. నేను ఒకటి అడిగేలోపల నువ్వు నాలుగు చెప్తావు. ఆ నాలుగూ నాకు అర్థం కావు, సరేలే అని పెట్టేస్తాను. పెట్టేసినాక అడగాల్సినవన్నీ గుర్తొస్తాయి. కాగితమైతే అడ్డం రాదు. ఐదో తరగతి చదివినదాన్ని, తప్పులుంటే దిద్దుకో. కానీ మధ్యలో ఆపొద్దు, చివరిదాకా చదువు.

దసరాకు నువ్వు ఆళ్లగడ్డకు వచ్చి, మీ నాయన మంచం మీద కూర్చుని, ఉద్యోగం మానేసి సొంత విమాన కంపెనీ పెడుతున్నానని ఆ విమానం బొమ్మలు చూపించినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. అందులో మామూలు సీట్లే ఉండవంటివి. అన్నీ పెద్దవే, మీట నొక్కితే మంచాలైపోతాయంటివి. పింగాణీ పళ్లెంలో అన్నం, మెత్తటి దుప్పటి, మనిషికో చిన్న తలుపు. హైదరాబాదులో లేస్తే యాడా దిగకుండా లండన్‌లోనే దిగుతుందంటివి. పక్కింటి రామమ్మ బుగ్గన వక్క అట్లే పెట్టుకుని చూసింది. చూసి, ఏంరా కిరణూ, పండుకునేదానికి అంత దూరం పోవల్లనా, మా ఇంట్లో మంచముండాది, ఊరికే పండుకోబో అనింది. అందరూ నవ్వినారు. నువ్వూ నవ్వితివి. మీ నాయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

ఎవరెక్కుతారు నాయనా అని అడిగితే, ఉన్నోళ్లు ఎక్కుతారత్తా, ఉన్నోళ్లు తొందరగా పోవల్లనుకుంటారు, ఒళ్లు నొయ్యకుండా పోవల్లనుకుంటారు అంటివి. ఉన్నోళ్లు తక్కువైతే ఆఫీసులే టికెట్లు కొనిస్తాయంటివి. కరోనా వచ్చినప్పుడు ఆ ఆఫీసులవాళ్లంతా ఇంట్లో కూర్చునే పని చేసుకోలేదా? విమానాలన్నీ ఎండలో నిలబెట్టింది టీవీలో నేనూ చూసినాను. యాడో యుద్ధమొస్తే ఆకాశంలో దారి మూసేస్తారంట, చుట్టు తిరిగి పోవాలంట. నూనె ధర పెరుగుతుందంట. ఇవన్నీ నీకు తెలియవని కాదు. పదిహేనేళ్లు విమానాల కంపెనీలో టికెట్ల ధరలు కట్టిన పని నీది. తెలిసినవాడివే అట్ల మాట్లాడుతుంటే నాకు ఇంకా భయం.

మీ మామకు కూడా బస్సుల సంగతి అంతా తెలుసు.

నీకప్పుడు ఆరేడేళ్లు. మీ మామ తెచ్చిన లగ్జరీ బస్సు నీకు గుర్తుందని నాకు తెలుసు. సీటు పక్కన పిడి లాగి వెనక్కి వాలి, మళ్లీ లేచి, మళ్లీ వాలి, క్లీనరు తిట్టినా వినకపోయేవాడివి. ఆ పిడి దగ్గరే నీకీ పిచ్చి అంటుకుందేమో. కానీ నీకు గుర్తున్నది కొత్త బస్సు. నాకు గుర్తున్నది ఖాళీ బస్సు.

అంతకు ముందు మనకు రెండు మామూలు బస్సులుండేవి. ఒకటి ఆళ్లగడ్డకు, ఒకటి కోయిలకుంట్లకు తిరిగేవి. ఎవరు చెయ్యెత్తితే వాళ్ల కోసం ఆగేవి. కోళ్ల గంపలు, శనగ మూటలు, పెళ్లివాళ్లు, చంటిపిల్లల తల్లులు, అందరూ ఎక్కేవాళ్లు. ఆ రెండూ అమ్మేసి మీ మామ దాన్ని తెచ్చినాడు. నంద్యాల నుంచి మద్రాసుకు, మధ్యలో యాడా ఆగనిది. పరదాలు, వీడియో, సీటుకో తెల్లగుడ్డ. మెత్తటి సీటు కావాలనేవాడు కారే కొనుక్కుంటాడు, కారు కొనలేనివాడు మామూలు బస్సెక్కుతాడు. ఈ ఇద్దరి నడుమ ఇంకొకడుంటాడని మీ మామ నమ్మినాడు. వాడికోసం రోజూ కాచుకున్నాడు.

మధ్యలో ఆపితే బస్సుకు మర్యాద పోతుందని ఆయన పట్టు. ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల దగ్గర మన సొంతవాళ్లు చెయ్యెత్తినా దుమ్ము కొట్టి పోయేవాడు. చాగలమర్రిలో అదే, మైదుకూరులో అదే. ఆగని బండికి ఎక్కేవాళ్లంతా ఒక్క ఊర్లోనే దొరకాలి కదా. నంద్యాలలో రోజూ మద్రాసుకు పోయే ఉన్నోళ్లు ఎంతమంది? హైదరాబాదులో ఎంతమందో నేను లెక్క కట్టినానత్తా అంటివి. మీ మామ కట్టలేదనుకున్నావా?

ఆ తర్వాత గేర్‌బాక్సు పోయి బస్సు షెడ్డులో పండుకుంది. మామూలుగా ఎక్కే డాక్టరుగారు ఆ వారం వేరే ట్రావెల్స్‌లో పోయినాడు, మళ్లీ మన బస్సు మొహం చూడలేదు. ఒక్క బస్సు పెట్టుకున్నవాడికి అది చెడిపోతే ఇంకో బస్సుండదు. నీకున్నదీ ఒక్కటే విమానం, అదీ బాడుగది. ఇంతలో పెద్ద ట్రావెల్స్‌వాళ్లు టికెట్టు తగ్గించినారు. మన బస్సు నిలిచిపోయేదాకా తగ్గించి, నిలిచిపోయినాక పెంచుకున్నారు. అరబ్బు దేశాల కంపెనీలకు విమానాలు కాకుల గుంపు మాదిరి ఉంటాయంట కదా. వాళ్లు సంవత్సరమంతా నవ్వుకుంటూ నష్టపోతారు. నువ్వు ఎన్నాళ్లు నవ్వగలవు?

ఆ సీట్లు ఏమైనాయో నీకెవరూ చెప్పి ఉండరు. బస్సును విప్పి ఇనుము ఇనుముకు పోయింది. సీట్లు మాత్రం ఆళ్లగడ్డలో మన వీధివాళ్లే తలా ఒకటి కొనుక్కుని అరుగుల మీద వేసుకున్నారు. రామమ్మ మొగుడు సాయంత్రమైతే దాంట్లో వెనక్కి వాలి బీడీ కాల్చేవాడు. మీ మామ ఆ వీధిలోకి మళ్లీ అడుగు పెట్టలేదు. ఆళ్లగడ్డకు వచ్చినా వెనక సందులో నుంచి, గోడ పట్టుకుని, మీ ఇంటి పెరటి తలుపు తట్టేవాడు. సొంత అత్తగారింటికి దొంగ మాదిరి వచ్చేవాడు. పోయేదాకా అంతే. మొన్న బస్సులో పోతూ చూసినాను, రోడ్డు పక్కన విగ్రహాలు చెక్కే షెడ్డులో ఆ సీటు ఒకటి ఇంకా ఉంది. ముక్కు చెక్కని వినాయకుణ్ణి దాంట్లో కూర్చోబెట్టినారు. ఇన్నాళ్లకు ఒక ప్యాసింజరు దొరికినాడు అనుకుని నవ్వినాను. తర్వాత కొంగు నోట్లో కుక్కుకున్నాను, పక్కన కూర్చున్నామె ఏందమ్మా అని అడిగింది.

ఇప్పుడు అసలు మాట. ఆ రోజు అందరూ పోయినాక నువ్వు నా పక్కకు వచ్చి కూర్చుంటివి. మన బస్సుల ఇంట్లో ఒక పద్ధతి ఉంది కదా. కొత్త బండి మొదటి ట్రిప్పుకు ఇంట్లో పెద్ద ఆడది ఎక్కాలి. డ్రైవరు వెనక సీట్లో, ఒడిలో బియ్యం, టెంకాయ పెట్టుకుని, చేరాల్సిన ఊరు చేరేదాకా దిగకుండా కూర్చోవాలి. ఇంటి ఆడది వెనక ఉంటే తోలేవాడు ఒళ్లు దగ్గర పెట్టుకుని తోలుతాడని. అమ్మ లేదు గదత్తా, మాఘమాసంలో మా మొదటి ట్రిప్పు, ముందు వరసలో నువ్వే కూచోవల్ల అంటివి. బొట్టు లేనిదాన్ని, నేను పనికిరాను, మీ ఆవిడ సుకన్యను కూర్చోబెట్టు అన్నాను. నాకట్లాంటివి లేవు, నువ్వు కూచోకుంటే నేను బండి తియ్యను అంటివి.

బండి అంటివి నాయనా. లండన్ పోయే విమానాన్ని బండి అంటివి. అది విన్నాకే నేను లేచి పెరట్లోకి పోయినాను. మీ మామ కూడా అదే గొంతుతో అదే మాట అన్నాడు. ఆ లగ్జరీ బస్సు మొదటి ట్రిప్పు రోజు నంద్యాలలో జనమంతా వచ్చి, టెంకాయ కొట్టి, ప్రసాదం తిని, సీట్లు నొక్కి చూసి దిగిపోయినారు. బస్సు కదిలేసరికి లోపల నేనొక్కదాన్నే. తోలేది మీ మామే. కడప దాటేదాకా అద్దంలోకి చూస్తూనే ఉన్నాడు. నేను తల వంచుకుని టెంకాయ పట్టుకుని కూర్చున్నాను. అట్లాంటి ప్రయాణం ఇంకొకటి నేను చెయ్యలేను.

అందుకని రాస్తున్నాను. నేను ఎక్కను. నేను ఎక్కకుంటే బండి తియ్యనంటివి కాబట్టి తియ్యొద్దు. నా పాస్‌పోర్టు ఇంకా రాలేదు. పోలీసాయన విచారణకు వస్తాడని అల్లుడు చెప్తున్నాడు, ఆయన రాలేదు. వచ్చినా నేను ఎక్కేది లేదు. మొండిది అనుకో, ముసలిది చెడిపోయింది అనుకో.

పాత కంపెనీవాళ్లు నీ కుర్చీ నెలాఖరుదాకా ఖాళీగా ఉంచుతామన్నారని సుకన్య చెప్పింది. పోయి కూర్చో నాయనా. ఓడిపోయినావని ఎవరూ అనరు. అంటే రామమ్మ అంటుంది, దానికి నేను చెప్పుకుంటా. మీ నాయన నీ మొహం చూసి ఏమీ అనలేడు. మొన్న నాతో, అక్కా, వాడు చెయ్యి జారినాడా అని మాత్రం అడిగినాడు. నేనేం చెప్పాలి? నా చేత ఏం చెప్పిస్తావు? నీకు కాళ్లు మొక్కుతానంటే పెద్దదాన్ని, నీకు ఆయుష్షు తగ్గుతుందంటారు. లేకుంటే మొక్కేదాన్ని.

నెలాఖరు లోపల ఒక్క మాట చెప్పు. మానుకున్నానత్తా అని ఒక్క మాట.

ఇట్లు,
నీ ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడే మేనత్త,
ఓబులమ్మ.

తా.క.: గురువారం పొద్దున.

కవరు అంటించినదాన్ని మళ్లీ చించినాను. తెల్లారకముందే సుకన్య ఫోన్ చేసింది. నువ్వు నిద్ర లేవకముందు, బాల్కనీలో నిలబడి మాట్లాడింది పాపం. అత్తమ్మా, ఈయన రోజూ కంప్యూటరు ముందర కూర్చుని ఆ మొదటి ట్రిప్పు సీట్ల బొమ్మనే చూస్తాండాడు, అమ్ముడుపోయిన సీటు రంగు మారుతాదంట, మారేదే లేదు అనింది. ఒకటి రెండు మారి, వాళ్లు వద్దనుకుంటే మళ్లీ తెల్లబడినాయంట. ఇప్పుడు బొమ్మంతటికీ ముందు వరసలో ఒక్కటే రంగుతో ఉందంట. అది ఎవరిదని అడిగినాను. నీదే అత్తమ్మా, దసరా రోజే నీ పేరు మీద తీసి పెట్టినాడు, ఆ ఒక్కదాన్నే చూసుకుంటూ కూర్చుంటాడు అనింది.

మాన్పించమ్మా అంటే, మానడు, మానితే బతకడు అనింది. ఆ పిల్ల నాకంటే ముందే తెలుసుకుంది.

మద్రాసు చేరినాక మీ మామ బస్సు ఆపి, స్టీరింగు మీద తల పెట్టి, నువ్వు కనపడబట్టి ఈడిదాకా వచ్చినానే, లేకుంటే కడప కాడనే తిప్పేస్తాంటి అన్నాడు. ఆ మాట ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

పైన పాస్‌పోర్టు రాలేదని రాసింది అబద్ధం. నాగుల చవితికే వచ్చింది. ఇంట్లో ఎవరికీ కనపడకూడదని శనగల డబ్బాలో అడుగున పెట్టినాను. ఇప్పుడే తీసి తుడిచినాను. ఫోటోలో నేను దొంగ మాదిరే ఉన్నాను.

నీ విమానం మీద నాకు నమ్మకం లేదు. పైన రాసినవన్నీ నిజమే, ఒక్కటీ కొట్టెయ్యడం లేదు. నెలాఖరు లోపల మానుకుంటే ఆ అహోబిలం నరసింహస్వామికి నడిచి పోతాను. మానుకోకుంటే మాఘమాసంలో బియ్యం, టెంకాయ తెచ్చుకుంటాను. విమానంలోకి టెంకాయ రానిస్తారో లేదో కనుక్కో. ఎవరెక్కినా ఎక్కకపోయినా నేను మధ్యలో దిగను. నీ బండిలో అద్దముంటుందో లేదో నాకు తెలియదు. నువ్వు వెనక్కి తిరిగినప్పుడల్లా నేను కనపడతాను. ఈసారి తల వంచుకోను.