సముద్రపొడ్డు చర్చికి సున్నం వేసిన సంగతి

ప్రియమైన మామయ్యకి,

మేనకోడలు నమస్కరించి రాసేది. నువ్వు కాపలా ఉండే చర్చి మీదుగా రేవు రోడ్డు వేస్తారట. కట్టి నూరేళ్లు దాటిందని రుజువైతే మాత్రం దాని జోలికి రారు. పాత కాగితాలన్నీ ఉప్పెనలో పోయాయి కాబట్టి, దాని చరిత్ర రాసే పని మా ఆఫీసుకి, అంటే నా మెడకి, చుట్టుకుంది. గురువారం మా ఆఫీసరు చూడడానికి వస్తున్నారు. అంతా సిద్ధంగా ఉంచు.

నీ మేనకోడలు

తా.క. ఆయనకి భయపడకు. కొత్తగా ఉన్నదేదీ ఆయనకి నచ్చదు, అంతే.

చిరంజీవి అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. ఆఫీసరంతటివాడు వస్తుంటే ఊరుకుంటానా? ఏటా వానలు వెళ్లాక వేసే సున్నం ఈసారి ముందే వేసేశాను. పాతది గీకకుండా దానిమీదే ఏటికొక్క పూత, అది మా మామగారు నేర్పిన పద్ధతి. గుమ్మం మీది రాయిపైన ఏవో అంకెలు అసహ్యంగా ఉంటే సిమెంటుతో పూడ్చాను. బల్లలకి రంగేశాను. నిన్న కట్టినట్టుంది. నీ పరువు దక్కింది పో.

మామయ్య

తా.క. నీ తా.క. ఇవాళే చదివాను. కళ్లజోడు సున్నం బక్కెట్లో పడింది.

మామయ్యా,

కొంప ముంచావు. ఆ అంకెలే కట్టిన సంవత్సరం. మనకున్న రుజువల్లా అదొక్కటే. ఆఫీసరు తన ఫారంలో ‘భవనం వయసు’ అన్నచోట ‘ఇంకా ఆరలేదు’ అని రాశారు. నెలాఖరుకి కూల్చమని ఆర్డరు వచ్చేస్తుంది. ఆ సిమెంటు ఎలాగైనా ఊడదియ్యి.

మేనకోడలు

తా.క. ఆయన కూర్చున్న బల్ల కూడా ఆరలేదు. ఆయన పంట్లాం గురించి ఆఫీసులో ఎవరం మాట్లాడుకోవడం లేదు.

అమ్మాయీ,

ఉలితో సిమెంటు ఊడదీస్తే రాయే ముక్కలైంది. ఏం చెయ్యను, నా చేతులే అంత.

మధ్యాహ్నం మూడింటికి రంగుటద్దాల్లోంచి ఎండ నేలమీద పరుచుకుంటుంది. మీ అత్తయ్య పోయిన ఈ ఆరేళ్లూ ఆ వేళకి అక్కడే కూర్చుంటున్నాను. కునుకు పడితే పక్కగోడకి ఆమె కుంచె తగులుతున్న చప్పుడు వినిపిస్తుంది. కళ్లు తెరిస్తే అలల చప్పుడు. ఇది కాస్తా కూల్చేస్తే ఆ చప్పుడు వినడానికి ఎక్కడికి పోను?

రాయితోపాటు ఊడిన గోడ పెచ్చు పంపుతున్నాను. పనికొస్తుందేమో చూడు.

మామయ్య

తా.క. అది తినేది కాదని మీ ఆఫీసువాళ్లకి పొట్లం విప్పకముందే చెప్పు.

మామయ్యా,

పెచ్చు అంచుని భూతద్దం కింద పెట్టాను. సున్నం పూతలు పుస్తకం పేజీల్లా ఒకదానిమీద ఒకటి ఉన్నాయి. ఏటికొకటి చొప్పున నూట అరవై మూడు! ఆఫీసరు మూడుసార్లు లెక్కపెట్టుకున్నారు. రోడ్డే వంపు తిరిగి పోతుంది, చర్చి కదలదు.

ఒక్క అనుమానం. పైనుంచి నలభై ఒకటో పొర నీలంగా ఉంది. చరిత్రలో ఏమని రాయమంటావు?

మేనకోడలు

తా.క. ఇకమీదట అనుమతి లేకుండా ఆ గోడలమీద కుంచె పెట్టకూడదని నీకు ఆఫీసరు ఆర్డరు.

అమ్మాయీ,

ఆ పొర మీ అత్తయ్యది. మా పెళ్లైన ఏడాది తను వేసిన మొదటి సున్నం. చిటికెడు నీలిమందు కలపమంటే పొట్లమంతా గుమ్మరించింది. ఆ ఏడంతా చర్చి ఆకాశంలో కలిసిపోయి, తిరిగొచ్చే పడవలవాళ్లకి ఒడ్డు ఆనవాలు దొరక్క ఇద్దర్నీ తిట్టిపోశారు. మరుసటేడు నా చేత్తో నేనే తెల్లగా కప్పేశాను. అది పోయిందనే అనుకున్నాను ఇన్నాళ్లూ. నీ ఉత్తరం చదివి ఏడ్చాను.

చరిత్రలో నీకు తోచింది రాసుకో. పెచ్చు మాత్రం నాకు పంపెయ్యి.

మామయ్య

తా.క. ఆర్డరున్న నీ ఉత్తరం నాకింకా చేరలేదని ఆఫీసరుగారికి చెప్పు. సముద్రం వైపు గోడ పూర్తవడానికి రెండు రోజులు పడుతుంది. నీలిమందు పొట్లమంతా కలిపేశాను.