జర్దా మానిపిచ్చిన తీరుగ

తాండూరు,
వినాయక చవితి అయిన ఐదో రోజు.

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి వైశాలికి కస్తూరమ్మ దీవించి రాస్తున్న ముచ్చట్లు. ఇక్కడ నేను, మీ మామయ్య, రూపేష్ పానాలతోని బాగనే ఉన్నం. అక్కడ వికారాబాద్‌ల నువ్వు, మీ అమ్మ సల్లగ ఉండాలని రోజు దీపం పెట్టేటప్పుడు అనుకుంటున్న.

నీ ఉత్తరం పోయిన గురువారం దుకాణానికి వచ్చింది. పోస్టాయన మీ మామయ్య చేతుల పెట్టి, "సేట్, ఈ కాలంల గూడ చేతిరాత ఉత్తరాలా" అని నవ్విండట. మనసుల ఉన్నది కాయితం మీద పెట్టుమని డాక్టరమ్మ చెప్పిందని రాసినవు. మంచి మాట చెప్పింది. నాకు గూడ ఫోన్ల మాట్లాడబుద్ధయితలేదు. నీ గొంతు వింటే "తిన్నవా బిడ్డా" దాటి ముంగటికి మాట పోతలేదు. ఏడో తరగతి సదివినదాన్ని, అచ్చరాలు అడ్డదిడ్డం ఉంటయి. జర ఓపికతోని సదువుకో.

నువ్వడిగినయి ఒక్కొక్కటి చెప్త. మీ మామయ్యకు మోకాలు నొప్పి ఉన్నది గాని నోరు అంతకంటె ఎక్కువున్నది. మెట్లు ఎక్కొద్దంటే ఎక్కుతడు, ఎక్కినంక "నన్నెందుకు ఎక్కనిచ్చినవు" అని నా మీదికే వస్తడు. ఈసారి వానలు ఇడువకుంట కొట్టి కంది చేన్లల్ల నీళ్ళు నిలిచినయి, రైతులు దుకాణానికొచ్చి మీ మామయ్య ముంగట కూసొని మొకాలు ఏలాడేస్తున్నరు. ఆయన వాళ్ళకు చాయ్ తాపి, ఇంటికొచ్చి నా మీద కోపం చేస్తుండు.

రూపేష్ తింటుండా అని అడిగినవు. పొద్దుగాల రెండు జొన్నరొట్టెలు తింటుండు. నువ్వు లేవని వాడేం సన్నగ కాలే, గా ఫికర్ పెట్టుకోకు. కానీ తినేటప్పుడు ఫోన్ పక్కకు పెడుతుండు. నువ్వున్నప్పుడు ఎన్నిసార్లు మొత్తుకున్నవు, అప్పుడు విన్నడా? పోయినవారం నీ ఆకుపచ్చ చీర ఇస్త్రీకిచ్చి తెచ్చి బీరువాల పెట్టిండు. "ఎందుకురా, ఆమె ఇక్కడ లేదు గద" అంటే, "మడత పోయిందమ్మా" అన్నడు. వాని అయ్య అసొంటోడే, ప్రేమను గూడ మడతబెట్టి బీరువాల పెట్టే రకం.

బుగ్గమ్మ పప్పు చెరుగుకుంట నీ పేరు తియ్యని రోజు లేదు. చిన్నమ్మ ఉంటే చాయ్‌ల అల్లం ఏసేది, నువ్వు ఏస్తలేవు అని నన్ను సతాయిస్తుంది. ఏస్తున్న ఇప్పుడు.

ఇగ ఉత్తరం ఆఖర్ల అడిగిన మాట. "అత్తమ్మా, గోలీలు మింగుకుంట ఉండంగనే రోగం మళ్ళ వచ్చింది. డోసు పెంచితె గాని నాకు మందులు గూడ పనిచేస్తలేవు. నేను ఇంక ఎప్పటికి గింతేనా? గట్లయితే రూపేష్‌కు వేరే పిల్లను చూడుండ్రి, నేను సంతకం పెడ్త, నాకు ఎవల మీద కోపం లేదు" అని రాసినవు. ఆ నాలుగు లైన్లు నేను దేవుని గూటి ముంగట కూసొని మూడు సార్లు సదివిన. దానికి జవాబు నా దగ్గర ఉన్నది. డాక్టరమ్మ కాడ లేదు, మీ అమ్మ కాడ లేదు, నా ఒక్కదాని కాడనే ఉన్నది. చెప్పనీకి చెయ్యి వస్తలేదు బిడ్డా. జర పక్కదారి పట్టి వస్త.

మీ మామయ్య జర్దా సంగతి నీకు ఎరుకే. నువ్వు కొత్తగ వచ్చినప్పుడు చెప్తే పొట్ట పట్టుకొని నవ్వినవు. ముప్ఫై ఏండ్లు జర్దా పాన్ తిన్న మనిషి, డాక్టర్లు చెప్తే వినలే, మా అత్త ఏడిస్తే వినలే. నేనేం చేసిన? పాన్ నేనే చుట్టి ఇస్త అని డబ్బి నా చేతుల్లకు తీసుకున్న. రోజుకింత జర్దా తగ్గిచ్చి, రోజుకింత ఏంచిన సోంపు కలిపిన. రెండు నెలలకు ఉత్త సోంపు తింటుండు, "ఈ మధ్య జర్దా మంచిగొస్తుంది" అంటుండు. ఉగాది నాడు అందరి ముంగట చెప్తే ఇల్లంత నవ్వింది. అప్పటిసంది నాకు ఒక గర్వం పట్టుకున్నది. ఏ అలవాటైనా చెప్పకుంట మానిపియ్యొచ్చు, మనసుకు తెల్వకపోతే ఒంటికి తెల్వదు అని.

బిడ్డా, నీ గోలీలు నేను మార్చిన.

రాసిన. ఇంక కొట్టెయ్య.

ఆ కడుపు ఆరో నెలల పోయినంక నువ్వు మంచం దిగనప్పుడు, మనసు రోగానికి గోలీలు రాసి, అవి పెద్దవాళ్ళెవలన్న తమ దగ్గర పెట్టుకోవాలని డాక్టరమ్మ చెప్పింది గద. ఆనాటి సంది ఏడు గదుల డబ్బి ఆదివారం ఆదివారం నేనే నింపిన. నువ్వు ఒక్కనాడు లోపల ఏమున్నదని చూడలే. గోలీలతోని నువ్వు లేచినవు, స్నానం చేసినవు, నవ్వినవు, అల్లం చాయ్ పెట్టినవు. దసర అయినంక మెల్లమెల్లగ తగ్గిద్దమని డాక్టరమ్మ చెప్పింది. నాకు దసర దాంక ఓపిక లేకపాయె. మా ఆడబిడ్డ వచ్చి "గోలీలు మింగుతుంటే కడుపు నిలువదు వదినా" అని ఒక్క మాట అని పోయింది. ఆమెకేం తెల్సు, ఆమె డాక్టరా? నేను అడగాల్నా వద్దా? అడగలే. శ్రావణమాసం మొదటి ఆదివారం నీ డబ్బిల నా బలం గోలీలు పెట్టిన. రంగు అదే, సైజు అదే. జర్దా అన్న రోజుకింత తగ్గిచ్చిన. నీయి ఒక్క పూటల మొత్తం తీసేసిన.

మూడో రోజు నువ్వు రొట్టె చేసుకుంట గోడ పట్టుకున్నవు. "అత్తమ్మా, కన్ను పక్కకు తిప్పితే తలకాయల కరెంటు కొట్టినట్టయితుంది" అన్నవు. తెల్లారి వాంతి అయింది. నేనేమనుకున్న తెల్సా? నీళ్ళోసుకున్నవనుకున్న. సిగ్గులేకుంట సంబరపడ్డ. పాయసం వండిన. రూపేష్ మెడికల్ షాపుల నుంచి తెచ్చిన దాంట్ల ఒక్క గీతనే వచ్చింది. ఆ మధ్యాహ్నం నువ్వు నాపబండల మీద కూసొని ఏడ్చిన ఏడుపు, పోయిన పిల్ల కోసం ఒకటి, రాని పిల్ల కోసం ఒకటి, రెండు ఏడుపులు ఒక్కసారే ఏడ్చినవు. నేను నీ పక్కనే కూసొని నీ తల నిమిరిన. నిమిరిన చెయ్యి, గోలీలు మార్చిన చెయ్యి ఒక్కటే.

నాకు తెల్వదా అంటే, సగం తెల్సు. ఆ సగాన్ని చూడకుంట ఉండెతందుకు, రోగం తిరగబడ్డదని అందరికంటె ముందు నేనే అన్న. పన్నెండు రోజులు గట్ల నడిచింది. మీ అమ్మ వచ్చి తీస్కపోతనన్న నాడు భయపడి అసలు గోలీల పట్టీలు నీ సంచిల పెట్టిన. నువ్వు పోయిన మూడో రోజుకు డాక్టరమ్మ చూసింది. అన్ని రోజులు నువ్వు మందు మింగినవనే ఆమె అనుకున్నది, డోసు పెంచింది, దసరకు తగ్గిచ్చుడు లేదన్నది. నువ్వు తేరుకున్నవు. అందరు పెద్ద డోసు పనిచేసిందనుకున్నరు.

ఇంకొకటున్నది. నువ్వు ఆటోల కూసున్నవు, విన్నవో లేదో. వాకిట్ల మీ అమ్మను పట్టుకొని, "పెండ్లికి ముందు సంది ఈ రోగం ఉన్నదేమో వదినే, మాకు చెప్పకుంట అంటగట్టిండ్రు" అన్న. మా ఆడబిడ్డ ముంగట అన్న. మీ అమ్మ నీ సంచి ఎత్తుకొని పోయింది. "మా అమ్మ మిమ్మల్ని అడిగిందని చెప్పుమన్నది" అని నీ ఉత్తరంల ఉన్నది. అంటే ఆ మాట నీకు చెప్పలేదన్న మాట. గసొంటి మనిషిని గా మాట అన్న.

ఒకనాడు బుగ్గమ్మ చాట పక్కకు పెట్టి, "అమ్మా, చిన్నమ్మది రోగం లెక్క లేకుండె. మా మరిది కల్లు ఒక్కసారి బంద్ చేసిననాడు గిట్లనే తల తిరిగి వణికిండు, ఏడ్చిండు. చిన్నమ్మకు ఏదన్న బంద్ అయ్యిందా?" అని అడిగింది. ఇల్లు ఊడ్చి పప్పు చెరిగే మనిషికి అర్థమైంది, ఇంటి పెద్దదాన్ని నాకు కాలేదు. ఏం లేదు పో అని కసిరిన. తర్వాత నీ ఉత్తరం వచ్చింది. సంతకం పెడ్త అన్న కాడికి వచ్చినంక బుగ్గమ్మ మాట మళ్ళ యాదికొచ్చింది.

తెల్లారి మా అక్కకు బాగలేదని మీ మామయ్యకు అబద్ధం చెప్పి పొద్దుగాల రైలెక్కి వికారాబాద్ వచ్చిన. దవాఖానల నా వంతు వచ్చేదాంక కూసొని డాక్టరమ్మకు అంత చెప్పిన. తిడ్తదేమో అనుకున్న. తిట్టింది. మెత్తగ తిట్టింది, గదే ఎక్కువ తాకింది. నీ సంగతి నీ ఎనుక నాతోని మాట్లాడ అన్నది, అది న్యాయమే. ఒక్కటి మాత్రం చెప్పింది. "ఈ మందు మత్తు పదార్థం కాదమ్మా. కానీ నెలలకొద్ది మింగినంక ఒక్కసారే ఆపితే ఎవరికైనా ఒళ్ళు తట్టుకోవడం కష్టం. నాకైనా అట్లనే కావచ్చు. తల తిరుగుడు, షాక్ కొట్టినట్టుండుడు, ఊకె ఏడుపొచ్చుడు, చాలామందికి అయితయి. దాన్ని చూసి రోగం తిరిగొచ్చిందనుకోవద్దు. ఇది ఆమెకు మీరే చెప్పాలె, తొందరగ చెప్పాలె" అన్నది.

బయటికొచ్చి మీ గల్లి మొగలకు వచ్చిన. మీ ఇంటి ముంగట నీళ్ళు చల్లి ముగ్గు ఉన్నది. నువ్వేసిందే, నీ చుక్కలు నాకు ఎరుకే. లోపలికి రానీకి మొకం చెల్లలే. మధ్యాహ్నం రైలుకు తిరిగి వచ్చిన.

మీ మామయ్యకు చెప్పిన. "నా జర్దా ఆటతోని పిల్ల పానం మీదికి పోయినవా" అన్నడు, తినకుంట దుకాణానికి పోయిండు. రూపేష్‌కు గూడ చెప్పిన, రెండు రోజుల సంది వాడు నాతోని మాట్లాడుతలేడు. మాట్లాడొద్దు గూడ. నీ పక్కకు వాడు నిలవడకపోతే ఇంకెవలు నిలవడ్తరు. ఆదివారం నీ దగ్గరికి వస్తనన్నడు. వాని కంటె ముందు ఈ ఉత్తరం చేరాలని ఇయ్యాల పొద్దుగాలనే పోస్టు చేస్తున్న.

ఇగ నీ ప్రశ్నకు జవాబు. నువ్వు ఎప్పటికి గింత కాదు బిడ్డా. ఆ పన్నెండు రోజులు నీ రోగం కాదు, నేను చేసిన పని. నీకు మందు పనిచేసింది, నేను తీసేదాంక పనిచేసింది. సంతకం గింతకం మాట మళ్ళ రాయకు. పెట్టాల్సింది ఎవలన్న ఉంటే నేను, ఈ కాయితం కింద పెడుతున్న.

సోమవారం డాక్టరమ్మ దగ్గరికి పో. డోసు ఎంతుండాలె, ఎప్పుడు తగ్గియ్యాలె, పిల్లల సంగతి ఎప్పుడు తలచాలె, అది నువ్వు, ఆమె కూసొని తేల్చుకోండ్రి. మాలో ఎవల్నీ నడుమ రానియ్యకు. మెల్లగ తగ్గిస్తే గూడ కొన్ని రోజులు తల తిరగొచ్చట. అసొంటి రోజు వస్తే రొట్టెల కాడికి పోకు, పండుకో. ఏడుపొస్తే ఏడువు, మళ్ళ రోగమే అని పరేషాన్ కాకు. గోలీలు నీ దగ్గరనే పెట్టుకోవచ్చా అని డాక్టరమ్మను అడుగు. వద్దంటే మీ అమ్మ చేతుల పెట్టు.

నువ్వు ఈ ఇంటికి ఎప్పుడొస్తవు, అసలు వస్తవా అని నేను అడగ. అడిగే హక్కు నేనే పోగొట్టుకున్న. నువ్వు లేక ఇల్లు బోసిపోయిందని మాత్రం చెప్త, అది అబద్ధం కాదు గనుక.

ఒక్క పని చెయ్యి. ఈ ఉత్తరం ఒక్కదానివే సదివి పరుపు కింద పెట్టకు. మీ అమ్మను పక్కకు కూసోబెట్టుకొని మొదటి సంది సదివి వినిపియ్యి. వాకిట్ల నేనన్న మాట కాడికి వచ్చినంక నీకు ఆపబుద్ధయితది, అత్త ఇజ్జత్ పోతదని. నువ్వు గసొంటి పిల్లవే. ఆపకు. గట్టిగ సదువు.

ఇట్లు,
రూపేష్ తల్లి
కస్తూరమ్మ.

అత్తమ్మ అని రాసుకోనీకి పెన్ను పెట్టి మళ్ళ తీసిన. నువ్వు పిలిస్తేనే రాసుకుంట.