కాలువ కట్ట మీద కలెక్టరు

6 నవంబరు 2005, ఆదివారం

కోపంగా ఉన్నా. కోపంలో నా దస్తూరీ బాగుంటుంది, ఎందుకో.

దసరా నుంచీ పొద్దున్నే సాగర్ కాలువ కట్ట మీద కుక్కలతో పరిగెడుతున్నాం. ఈ పిచ్చి నందిగామకు తెచ్చింది బ్యాంకు కిషోర్. బెంగళూరులో నేర్చుకున్నాట్ట. మన నడుముకు బెల్టు, కుక్క ఛాతీకి బెల్టు, మధ్యలో తాడు. కుదుపు తగలకుండా తాడులో సైకిలు ట్యూబు ముక్క. మెడకు మాత్రం కట్టకూడదు. కుక్కకూ కుక్కకూ మధ్య లారీ పట్టేంత ఖాళీ ఉండాలి. దాటేవాడు ముందుగా కేక వెయ్యాలి. బెదురు కుక్క అందరికంటే వెనక.

ఆ బెదురు కుక్క మాదే. పేరు కలెక్టరు. ఎక్కడ కూర్చుంటే అదే ఆఫీసు, లేపితే మొరుగుతుంది, అందుకని. వీధిలో పుట్టింది. చిన్నప్పుడెవరో వెనకనుంచి వేడి గంజి పోశారు. ఇప్పటికీ వెనక అలికిడైతే ఒళ్లంతా వణుకు. షుగరు తగ్గాలని డాక్టరు నన్ను పరిగెత్తమన్నాడు, నేను దాన్ని పరిగెత్తించా. ఇద్దరం చివర. జగ్గయ్యపేట బస్సులో కండక్టరుగా ఇరవై ఏళ్లు ఫుట్‌బోర్డు మీదే ఉన్నవాణ్ణి, చివర ఉండటం నాకేం కొత్త?

ఇవాళ ఎరువుల కొట్టు తిరుపతిరావు వచ్చి చేరాడు. రెండు ఆల్సేషన్లు. రెంటి మెడలకూ అడ్డంగా ఒక కర్ర కట్టాడు, కాడి లాగా! ఈయన ఎడ్లు బండలాగుడు పందేల్లో షీల్డులు గెలిచాయి. జోడీ అన్నాక కాడి ఉండాలిట, లేకపోతే ఒకటి పని చేస్తుంది, ఒకటి తింటుందిట. మనుషులక్కూడా కడితే మా డిపో ఎప్పుడో బాగుపడేది.

కిషోర్ అది చూశాడు. చూసి నవ్వి ఊరుకున్నాడు. నా కోపం కాడి మీద కాదు, ఆ నవ్వు మీద.

11 నవంబరు

బ్యాంకుకెళ్లి కిషోర్‌ని అడిగా. రూల్సు నువ్వే పెట్టావు, నువ్వే చెప్పు అన్నా. పెద్దాయనండీ, బ్యాంకుకు కావలసిన మనిషండీ, మెల్లగా చెబుతానండీ అన్నాడు. ఈలోగా పెద్దాయన ఆదివారానికి డప్పులు మాట్లాడాట్ట. అందరూ ఒకే వరసలో బయల్దేరాలిట. వెనకనుంచి జనం అదిలిస్తే ఎడ్లకు ఊపు వస్తుంది, కుక్కలకు రాదా అన్నాట్ట.

మా డిపోలో వెనక బస్సు ముందు బస్సును ముట్టుకుంటే డ్రైవరు సస్పెండు. డప్పు కొట్టి ముట్టించిన డిపో మేనేజర్ని మాత్రం నేను చూళ్లేదు.

వెళ్లకూడదనుకుంటున్నా. కలెక్టరు నాలుగింటికే లేచి బెల్టు నోట కరుచుకుని నిలబడుతోంది.

13 నవంబరు, ఆదివారం. ఉదయం తొమ్మిది

వెళ్లా.

చివర నిలబడ్డాం. మిగతావాళ్లకు బాగా దూరంగా నిలబడ్డాం. డప్పులవాళ్లను తెచ్చి మా వెనకే నిలబెట్టారు. తిరుపతిరావు ఆలస్యంగా వచ్చాడు. ముందుకెళ్లడానికి దారిలేక మా వెనకనుంచే జోడీని అదిలించాడు. కేక లేదు, ఏమీ లేదు. ఒక కుక్క కలెక్టరుకు ఎడమనుంచి పోయింది, రెండోది కుడినుంచి. మధ్యలో కర్ర. అది వచ్చి కలెక్టరు వీపున తగిలింది. జోడీ పడింది, తాడుతో పాటు తిరుపతిరావు పడ్డాడు, ఆయన కింద కలెక్టరు.

కలెక్టరు ఆయన పిక్క పట్టుకుంది. నేనైనా పట్టుకునేవాణ్ణి.

నా మోచెయ్యి గీరుకుపోయింది. ఎవడూ అడగలేదు.

14 నవంబరు

పంచాయతీ ఆఫీసులో పిలిచి కూర్చోబెట్టారు. అది పిచ్చికుక్కట, చంపించాలిట, తిరుపతిరావు మాట. పశువుల ఆస్పత్రి కంపౌండరు మంచివాడు. టీకా వేసింది నేనేనండీ, పది రోజులు కట్టేసి చూడండి, బతికుంటే ఏ రోగమూ లేనట్టే అన్నాడు. తిరుపతిరావు వినలేదు. సూదులు ఆయనకు చేతికే వేస్తున్నారు. మా కాలంలో బొడ్డు చుట్టూ పద్నాలుగు. మా బసవయ్య బాబాయి తొమ్మిదోదానికి పారిపోయి వత్సవాయిలో దొరికాడు. అది వేరే కథ.

ఏం జరిగిందో చెప్పమని కిషోర్‌నడిగారు. అనుకోకుండా జరిగిందండీ అన్నాడు. అంతే. కాడి మాట లేదు, డప్పుల మాట లేదు, వెనకనుంచి రావడం మాట లేదు. నేల చూస్తూ అన్నాడు. కుక్క కరిస్తే పంటి గుర్తన్నా ఉంటుంది. వీడు కరిస్తే అదీ లేదు.

నేను అరిచా. నన్ను చూసి ముసలాయనకు బీపీ అన్నారు.

15

కట్టేశాం. అన్నం ముట్టలేదు. రోగమేమోనని భయం. బెంగే అంటుంది మా ఆవిడ.

17 నవంబరు. మధ్యాహ్నం



పంచాయతీవాళ్లు ఇనుప ఉచ్చుతో వచ్చారు. వెనక తిరుపతిరావు, ఆయన వెనక కిషోర్. నేను గేటు దగ్గరికి వెళ్లేలోపే మా ఆవిడ సత్యనారాయణమ్మ స్టూలు వేసుకుని గేటుకడ్డంగా కూర్చుంది. ఈ ఇంట్లో కుక్కో నేనో తేల్చుకోమని నాలుగేళ్లుగా నాతో పోట్లాడుతున్న మనిషి.

తిరుపతిరావుతో మాట్లాడలేదు. ఉచ్చువైపు చూడలేదు. కిషోర్‌ని పిలిచింది.

“నాయనా, నువ్వు మా ఇంట్లో కాఫీ తాగావు. ఎవరు ఎవరి మీద పడ్డారు?”

వాడు తిరుపతిరావు వంక చూశాడు. లోపల కలెక్టరు కిషోర్ గొంతు పసిగట్టి తోక కొడుతోంది. తలుపు మీద ఆ చప్పుడు.

“ఆయనే పడ్డారండీ. వెనకనుంచి వచ్చి పడ్డారు. జోడీకి కాడి కట్టొద్దని నేను చెప్పాల్సింది. చెప్పలేదు.”

పంచాయతీ మనిషి ఉచ్చు భుజాన వేసుకుని, పది రోజులూ అయ్యాక చూద్దాంలెండి అని వెళ్లిపోయాడు. తిరుపతిరావు నా కుక్కనూ, నన్నూ, బ్యాంకునూ కలిపి తిట్టాడు. బ్యాంకును తిట్టింది న్యాయమే.

కిషోర్ గేటు బయట నిలబడ్డాడు, లోపలికి రమ్మంటానని. అనలేదు. ఆ నాలుగు ముక్కలూ పంచాయతీలో అని ఉంటే ఉచ్చు నా గేటుదాకా వచ్చేదా?

18

అన్నం తింది. మొత్తం.

23 నవంబరు

కంపౌండరు వచ్చి చూశాడు. విప్పెయ్యండి అన్నాడు. విప్పా. వెళ్లి మళ్లీ అక్కడే కూర్చుంది.

25

కిషోర్ మళ్లీ వచ్చాడు. కాడి పీకించాట్ట, డప్పులు మానిపించాట్ట, తిరుపతిరావు రావడం మానేశాట్ట. ఆదివారం రమ్మన్నాడు. గేటు తియ్యకుండా మాట్లాడా. ఈ జన్మలో రానన్నా. ఆ మాట అన్నాక హాయిగా ఉంది. రెండుసార్లు అన్నా.

27 నవంబరు, ఆదివారం. ఉదయం తొమ్మిది

నేను వెళ్లలేదు. కలెక్టరు వెళ్లింది, సత్యనారాయణమ్మ నడుముకు కట్టుకుని. ఇద్దరూ చివరే ఉన్నార్ట.