రొట్టెలో తీపి

ఆదోని, 1957 ఆగస్టు, బుధవారం

జ్వరం తగ్గి వారమైనా మనవరాలు సరోజ రెండు ముద్దలకు మించి తినడం లేదు. బెల్లం ఇస్తేనే తింటానని దాని పేచీ. కడుపు కుదుటపడేదాకా ఇవ్వనని నా పట్టు. ఈ మధ్యాహ్నం జొన్నరొట్టె నమిలి నమిలి తనలో తానే నవ్వుకుంటూ కనిపించింది.

"బెల్లం యాడ దాచినావే, దొంగపిల్లా? నోరు తెరువు!"

"బెల్లం ల్యాదవ్వా. నమిలేకొద్దీ రొట్టే తియ్యగైతాంది. నువ్వూ నమిలి సూడు. నాలుగు పండ్లన్నా ఉండాయి కదా?"

ఆ నాలుగింటితోనే నమిలాను. నిజంగానే తియ్యగా అయింది! లాలాజలం పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తుందని బడిలో వల్లించినదాన్నే, ఇన్నేళ్ళూ రుచి చూడలేదు. దొంగ అన్నందుకు తప్పు ఒప్పుకున్నాను.

"అవ్వ ఓడిపాయె!" అని చప్పట్లు కొట్టి రొట్టె మొత్తం తినేసింది. నాకూ నవ్వు ఆగలేదు.

రేపు రాగిసంగటి. ముద్దను నమలకుండా మింగాలని దానికి నేర్పింది నేనే. మింగినా పేగుల్లో అరిగి చక్కెరే అవుతుంది, కానీ నాలుకకు ఆ సంగతి తెలియదు కదా. రేపు ఇద్దరమూ నమిలే తింటాం. ఇంట్లో ఎవరు నవ్వినా సరే.